ఛాయ, కాంతి, మూర్తి: ఒక అనామకుని స్మారకం

(కళాశాల విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి ప్రసంగానికి నేను ఎన్నుకొన్న విషయం ఒక శిల్పం. దేవాలయ గోపురంమీద మనం చూచే శిల్పాలకూ, కూడళ్ళలో నిలిపే నాయకుల విగ్రహాలకూ దీనికీ పోలిక తక్కువ. ఒక దినపత్రికలో అచ్చయిన ఛాయాచిత్రం దీనికి మూలం. ఇనుము, గాజు, మేకులు, ప్లాస్టరు, ట్రంకు పెట్టెలు దీనికి సామగ్రి. 1993లో దీనిని నిర్మించి ఢిల్లీలో ప్రదర్శించిన కళాకారుడు వివాన్ సుందరం. ఆయన దీనికి పెట్టిన పేరు ‘మెమోరియల్’. తెలుగులో చెప్పాలంటే స్మారకం.

హిందీనుంచి తెలుగులోకి అనువాదాలు చేయడం నా వృత్తి. కళావిమర్శకు సంబంధించిన పాండిత్యం నాకు లేదు. అయినప్పటికీ ఈ విషయంపై మాట్లాడటానికి పూనుకోవడానికి కారణం ఉన్నది. ఒక భాషలో పుట్టిన రచనను మరొక భాషలోకి తెచ్చేటప్పుడు అనువాదకునికి ఎదురయ్యే ప్రశ్నలే, ఒక ఛాయాచిత్రాన్ని శిల్పంగా మలిచేటప్పుడు శిల్పికీ ఎదురవుతాయి. మూలంలో ఉన్నది ఏమిటి? దానిలో దేనిని విడువరాదు? మనం చేర్చదగినది ఎంత? ఏ అధికారంతో చేర్చాలి? ఈ ప్రశ్నలు నాకు నిత్యమూ పరిచితమైనవే.

వీటన్నిటి వెనుక మరొక పెద్ద ప్రశ్న ఉన్నది. పేరు తెలియని మనిషి, ఊరు తెలియని మనిషి, మనకు ఏ విధంగానూ బంధువు కాని మనిషి వీథిలో హతుడై పడివుంటే ఆ దుఃఖం ఎవరిది? ఈ శిల్పం అడుగుతున్నది అదే. దానిని అర్థం చేసుకోవడానికి ముందు ఛాయ, కాంతి, మూర్తి అనే మూడింటినీ విడివిడిగా కొంత పరిశీలిద్దాము.

ఛాయ

ఫోటోను మనం ఛాయాచిత్రం అంటాము. హిందీలోనూ అదే మాట వాడుకలో ఉన్నది. లిపి తప్ప మారినది లేదు గనుక ఇక్కడ అనువాదకునికి శ్రమ లేదని తోస్తుంది. కాని నిత్యవ్యవహారంలో ఆ మాట బరువు రెండు భాషలలోనూ ఒకే తీరుగా లేదు. హిందీలో ‘ఛాయ’ అనగానే ముందుగా స్ఫురించేది నీడ. తెలుగులో ‘మేనిఛాయ’ అన్నప్పుడు అది రంగు. ‘ఈ పిల్లవాని ముఖంలో తాతగారి ఛాయలు ఉన్నాయి’ అన్నప్పుడు అది పోలిక. ‘ఆ ఛాయలకు పోవద్దు’ అన్నప్పుడు అది సమీపం. అమరకోశకారుడు ఈ ఒక్క మాటకు నాలుగు అర్థాలు చెప్పినాడు: సూర్యుని భార్య, కాంతి, ప్రతిబింబం, నీడ. వెలుగునూ నీడనూ ఒకే మాటలో ఇమిడ్చిన ఈ నానార్థం ఛాయాచిత్ర కళకు ఎంత చక్కగా అతుకుతుందో చూడండి. కటకంగుండా వచ్చిన కాంతి ఫలకంమీద మిగిల్చిన గుర్తే గదా ఫోటో!

సూర్యుని భార్య కథ మీకు తెలిసినదే. సంజ్ఞాదేవి భర్త తేజస్సును భరించలేక తన పోలికతో ఛాయను సృష్టించి, ఆమెను తన స్థానంలో నిలిపి వెళ్ళిపోయింది. రూపం అదే. మనిషి మాత్రం వేరు. చూచినవారు ఆమెనే సంజ్ఞ అనుకొన్నారు. ఛాయాచిత్రం స్వభావమూ ఇదే. మనిషి లేనిచోట అతని పోలిక నిలుస్తుంది. అందుకే దూరదేశంలో ఉన్న కొడుకు ఫోటోను తల్లి చేతితో తడుముతుంది. గతించినవారి ఫోటోకు మనం పూలమాల వేస్తాము. కాగితానికి వేస్తున్నామని ఎవరూ అనుకోరు.

ఇంత శక్తి ఉన్న ఛాయాచిత్రానికి ఒక పరిమితి కూడా ఉన్నది. అది మనిషిని ఒక్క వైపునుంచి మాత్రమే చూపుతుంది. దాని వెనుకకు వెళ్ళి చూడటానికి వీలులేదు. దినపత్రికలో అచ్చయినదానికి ఆయుర్దాయం మరీ తక్కువ. ఉదయం మనస్సును కలచివేసిన చిత్రం సాయంకాలానికి పొట్లం కాగితం అవుతుంది.

కాంతి

రెండవది కాంతి. కాంతితో బొమ్మకు ప్రాణం పోసే విద్య తెలుగు దేశానికి కొత్తది కాదు. తోలుబొమ్మలాటను తలచుకోండి. మేక చర్మాన్ని శుభ్రపరిచి, వెలుగు చొరబడేంత పలుచగా చేసి, దానిమీద బొమ్మ గీసి, రంగులు అద్ది, నగలూ వస్త్రపు అంచులూ ఉండవలసినచోట సన్నని రంధ్రాలు తొలుస్తారు. అనంతపురం సీమలోని నిమ్మలకుంట గ్రామంలో ఈ విద్య ఇప్పటికీ జీవించి ఉన్నది. ఆ బొమ్మను గోడకు ఆనించి పెట్టితే అది రంగుల తోలు మాత్రమే. తెల్లని తెర వెనుక నిలిపి దీపం వెలిగిస్తే తొలిచిన ప్రతి రంధ్రమూ ఒక వజ్రమై మెరుస్తుంది. బొమ్మ తెరకు దగ్గరైనకొద్దీ ఆకారం స్పష్టమవుతుంది. దూరమైనకొద్దీ పెద్దదై, అంచులు చెదిరి, మాయమవుతుంది. ఒకే తోలుముక్కలో రావణుని గర్వమూ పతనమూ చూపగలిగినది దీపమే.

ఇరవయ్యవ శతాబ్దంలో ఐరోపాలో కొందరు శిల్పులు కాంతినే శిల్పానికి ముడిసరకుగా స్వీకరించారు. హంగేరీలో జన్మించిన లాస్లో మొహోలీ నాజ్ 1930లో ఒక యంత్రాన్ని ప్రదర్శించినాడు. చిల్లులు పొడిచిన లోహపు ఫలకాలు, గాజు, కడ్డీలు విద్యుత్తు మోటారు సాయంతో తిరుగుతుండగా వాటిమీద పడిన దీపకాంతి చెదిరి, చుట్టూ ఉన్న గోడలమీద నీడలై పరుగిడుతుంది. ఇందులో శిల్పం యంత్రమా, గోడమీది నీడా అన్న ప్రశ్న ఉదయిస్తుంది. రెండూ అని చెప్పవలసి ఉంటుంది. ఆయన ఛాయాచిత్రకారుడు కూడా. కెమెరా లేకుండానే కాంతిగ్రాహక కాగితంమీద వస్తువులను ఉంచి వాటి నీడలను చిత్రాలుగా మలిచినాడు. మన తోలుబొమ్మల కళాకారులు ఆ యంత్రాన్ని చూచివుంటే దాని రహస్యాన్ని వెంటనే గ్రహించి ఉండేవారు.

మూర్తి

మూడవది మూర్తి. పొడవు, వెడల్పు, లోతు మూడూ గల రూపం. మూర్తికి ఛాయాచిత్రానికి లేని ఒక గుణం ఉన్నది. అది మనం నిలిచిన నేలమీదనే నిలుస్తుంది. దానిని చూడాలంటే చుట్టూ తిరగాలి. దేవాలయంలో ప్రదక్షిణం చేసినట్లు కాళ్ళతో చూడాలి.

ఛాయాచిత్రాన్ని మూర్తిగా మార్చాలన్న కోరిక ఫోటోగ్రఫీ పుట్టిన కొద్దికాలానికే కలిగింది. 1860 ప్రాంతంలో పారిస్ నగరంలో ఫ్రాన్స్వా విలెం అనే శిల్పి గుండ్రని గది ఒకటి కట్టించి, మధ్యలో మనిషిని నిలిపి, చుట్టూ అమర్చిన 24 కెమెరాలతో ఒకేసారి ఫోటోలు తీసేవాడు. ఒక్కొక్క ఫోటోలోని ఆకారరేఖను రేఖాకర్షక యంత్రంతో అనుసరిస్తూ మెత్తని మట్టిని కోసుకొంటూ పోతే, 24 వైపులనుంచి ఆ మనిషి ప్రతిమ రూపొందేది. నేడు ఆసుపత్రులలోనూ కర్మాగారాలలోనూ వస్తువును అన్ని వైపులనుంచి చిత్రించి త్రిపరిమాణ రూపం తయారుచేసే పద్ధతులకు అది దూరపు పూర్వరూపం. అయితే విలెం సాధించినది ఆకారంలోని పోలిక మాత్రమే. ఎదురుగా కూర్చొని ఫోటో తీయించుకోగల స్తోమతు ఉన్నవారికే అది దక్కింది.

మూర్తికీ స్మృతికీ ఉన్న సంబంధం మన నేలమీద మరింత పాతది. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక గ్రామాల పొలిమేరలలో వీరగల్లులు మీరు చూచివుంటారు. పశువులను దొంగలనుంచి కాపాడుతూ, ఊరిని రక్షిస్తూ ప్రాణాలర్పించినవారికి ఊరివారు నిలిపిన రాళ్ళు అవి. అనేకమైన వీరగల్లులలో కింది భాగాన పోరాటము, పైభాగాన వీరుని స్వర్గారోహణము చెక్కబడి ఉంటాయి. కొన్నింటిపై పేరు ఉంటుంది. కొన్నింటిపై శాసనం కరిగిపోయింది. పేరు కరిగినా రాయి నిలిచింది. రాయి నిలిచినంతకాలం అక్కడ ఒక మనిషి ఉండేవాడన్న సత్యమూ నిలిచింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవలసి ఉన్నది. వీరగల్లు వీరునిది. ఆయుధం ధరించి, తెలిసి, మరణానికి ఎదురేగినవానిది. ఆయుధమేదీ లేకుండా, ఏ పోరాటంలోనూ చేరకుండా, దారిన పోతూ చంపబడినవానికి రాయి నిలిపే ఆచారం మనకు లేదు. వివాన్ సుందరం ఆ ఖాళీ స్థలంలో తన స్మారకాన్ని నిలిపినారు.

కళాకారుని పరిచయం

వివాన్ సుందరం 1943లో సిమ్లాలో జన్మించారు. ఆయన కుటుంబమే ఒక చిన్న భారతదేశం. తండ్రి కళ్యాణ్ సుందరం దక్షిణాదివారు. ఐ.సి.ఎస్. అధికారి. 1958నుంచి 1967వరకు భారత ప్రధాన ఎన్నికల కమిషనరుగా పనిచేసినవారు. తల్లి ఇందిర ప్రసిద్ధ చిత్రకారిణి అమృతా షేర్‌గిల్‌కు చెల్లెలు. తాతగారు ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ పంజాబు సిక్కు కులీన కుటుంబానికి చెందినవారు, సంస్కృత పారశీకాలు చదివిన పండితులు. అమ్మమ్మగారు హంగేరీ దేశస్థురాలు.

ఉమ్రావ్ సింగ్ గొప్ప ఛాయాచిత్రకారులు కూడా. వృత్తిగా కాదు, అభిరుచిగా. దశాబ్దాల తరబడి భార్యనూ కుమార్తెలనూ, అన్నిటికంటె ఎక్కువగా తనను తానూ ఫోటోలు తీసుకొన్నారు. 1941లో అమృత లాహోరులో చిన్నవయస్సులోనే మరణించారు. వివాన్ పుట్టేనాటికి ఆమె లేరు. పినతల్లో పెదతల్లో ఉన్న ఇళ్ళలో పిల్లలు వారి ఒడిలో పెరుగుతారు. ఈయన పెదతల్లి ఛాయాచిత్రాల మధ్య పెరిగారు. లేని మనిషిని ఫోటో ఎంతవరకు తెచ్చి ఇవ్వగలదు, ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఆయనకు బాల్యంనుంచీ ఇంటి ప్రశ్న.

1961నుంచి 1965వరకు బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో చిత్రకళ అభ్యసించారు. తరువాత లండనులోని స్లేడ్ కళాపాఠశాలలో చదివారు. స్వదేశానికి వచ్చిన పిమ్మట 1976లో కసౌలీలో ఒక కళాకేంద్రాన్ని స్థాపించి, దేశం నలుమూలలనుంచి కళాకారులను అక్కడ సమావేశపరిచారు. 1990వరకు ఆయన ప్రధానంగా చిత్రకారులే. 1991లో గల్ఫ్ యుద్ధం జరిగినపుడు కాగితాలమీద బొగ్గుతోను, వాడిన ఇంజను నూనెతోను చిత్రాలు గీశారు. నూనె కాగితంమీద నిలవక కారింది. చట్రం దాటి నేలమీదికి వచ్చింది. యుద్ధానికి కారణమైన పదార్థమే చిత్రానికి రంగు అయినది. అప్పటినుంచి ఆయన గోడను విడిచి నేలమీదికి, చిత్రాన్ని విడిచి మూర్తివైపుకు నడిచారు.

స్మారకం

1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చివేయబడింది. తరువాత దేశంలోని అనేక నగరాలలో మత కల్లోలాలు చెలరేగాయి. నేడు ముంబయి అని పిలువబడుతున్న బొంబాయి నగరంలో ఆ డిసెంబరులోను, 1993 జనవరిలోను రెండు విడతలుగా జరిగిన హింసాకాండ అత్యంత దారుణమైనది. ఆ రోజులలో హోషీ జాల్ అనే పత్రికా ఛాయాచిత్రకారుడు తీసిన ఒక ఫోటో టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికలో వెలువడింది. వీథిలో నేలపై పడివున్న ఒక మనిషి మృతదేహం. పక్కన బంధువులు లేరు. పేరు లేదు.

వివాన్ సుందరం ఆ ఫోటోను తీసుకొన్నారు. దానికి రంగులద్దలేదు. ఒకే ఫోటోను మళ్ళీ మళ్ళీ, వేరువేరు విధాలుగా, గాజు పెట్టెలలో అమర్చారు. ఒక్కొక్కదానిమీద మేకులు దిగగొట్టారు. శరీరం ఉన్న చోట మేకులు గుమిగూడినవి. మేకు గాయపరిచే వస్తువు. చీలిపోయినదానిని పట్టి నిలిపే వస్తువు కూడా అదే. చూస్తూ ఉండగా ఆ మేకులు కొంతసేపు గాయాలవలెను, కొంతసేపు ఆ దేహంమీద ఎవరో కప్పిన ఇనుప వస్త్రంవలెను కనిపిస్తాయి. వీథిలో ఎవరూ కప్పని దేహాన్ని శిల్పి అక్కడ కప్పినాడు.

తరువాత ఆ ఫోటోలోని ఆకారం కాగితంనుంచి బయటికి వచ్చింది. ప్లాస్టరుతో పోతపోసిన మానవదేహం గాజు కప్పు కింద, సమాధిలో వలె, శయనించి ఉంటుంది. ట్రంకు పెట్టెలను ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన ద్వారం ఒకటి ఉన్నది. పెద్ద నగరాలలో వీరుల స్మృతికి, రాజుల విజయాలకు రాతితో కట్టిన ఘనమైన ద్వారాలు ఉంటాయి. ఇక్కడ రాతికి బదులు రేకు పెట్టె. బ్రతుకుతెరువు కోసం ఊరు విడిచి నగరానికి వచ్చేవాడు తెచ్చుకొనే పెట్టె. కల్లోలం వచ్చినపుడు దొరికిన బట్టలు కుక్కుకొని మళ్ళీ ఊరికి పరుగెత్తేటప్పుడు చేత పట్టుకొనే పెట్టె. పాలమూరునుంచి, ఉత్తరాంధ్రనుంచి వలస వెళ్ళిన కూలీల చేతులలోనూ మనం చూచిన పెట్టె. దానికి వ్యాఖ్యానం అవసరం లేదు.

ఛాయ, కాంతి, మూర్తి మూడూ ఇక్కడ ఎట్లా కలిసినవో చూడండి. ఛాయాచిత్రం జరిగినదానికి సాక్ష్యం చెబుతున్నది. ఈ మనిషి ఉండేవాడు, ఇట్లా చనిపోయినాడు, ఇది కల్పన కాదు అని చెబుతున్నది. ఆ ఆధారం లేకపోతే ప్లాస్టరు దేహం ఎవరిదైనా కావచ్చు. మూర్తి ఆ సాక్ష్యానికి చోటు కల్పిస్తున్నది. పత్రికలో వేలెడంత ఉన్నవాడు ఇప్పుడు మనంత మనిషి. అతని చుట్టూ నడవవలసి వస్తుంది. అతనిని దాటి పోవాలంటే మన అడుగులు మనకు వినిపిస్తాయి.

ఇక కాంతి. మేకుల తలలమీద వెలుగు పడినపుడు ఒక్కొక్క మేకుకూ ఒక నీడ పుడుతుంది. చూచేవాడు కదిలినకొద్దీ మెరుపులు కదులుతాయి. చలనం లేని ఆ ఫోటోకు చూపరి నడక చలనాన్ని ఇస్తుంది. అంతకంటె ముఖ్యమైనది గాజు. గాజు పెట్టెలోకి వంగి చూచినపుడు ఒక కోణంలో మృతుని ఛాయాచిత్రం కనిపిస్తుంది. కొంచెం తల తిప్పితే అదే గాజులో మన ముఖం కనిపిస్తుంది. అమరకోశం చెప్పిన అర్థాలలో మూడు, కాంతి, నీడ, ప్రతిబింబం, అక్కడ ఒక్కచోట చేరుతాయి. అతని ఛాయమీద మన ఛాయ పడుతుంది.

వివాన్ సుందరం ఈ స్మారకాన్ని అంతటితో విడిచిపెట్టలేదు. 2014లో మార్పులు చేసి మళ్ళీ రూపొందించారు. మధ్యకాలంలో తన కుటుంబపు ఛాయాచిత్రాలవైపు కూడా తిరిగారు. 1995లో షేర్‌గిల్ కుటుంబపు ఫోటోలూ జ్ఞాపకాలూ ఆధారంగా ఒక ప్రదర్శన నిర్మించారు. 2001నుంచి, తాతగారు తీసిన పాత ఫోటోలను కంప్యూటరు సాయంతో జోడించి, వేరువేరు కాలాలకు చెందిన మనుషులను ఒకే గదిలోకి తెచ్చి ‘రీటేక్ ఆఫ్ అమృత’ అనే చిత్రమాలను రూపొందించారు. 2023 మార్చిలో ఢిల్లీలో ఆయన పరమపదించారు. ఇంటిలోని ఫోటో, వీథిలోని ఫోటో రెండింటినీ ఆయన ఒకే శ్రద్ధతో చూచారు. పెదతల్లికి దక్కిన ఆదరమే ఆ అనామకునికీ దక్కింది.

రెండు ఆక్షేపణలు

ఇటువంటి శిల్పాన్ని గురించి చెప్పినపుడు ఆలోచనాపరులైనవారు రెండు ఆక్షేపణలు తెలుపుతారు. రెండూ తోసిపుచ్చదగినవి కావు.

మొదటిది: చనిపోయినవాని అనుమతి లేకుండా అతని దేహాన్ని కళావస్తువుగా చేయడం న్యాయమా? అతనికి భార్యాబిడ్డలు ఉంటే, వారు చూస్తే ఏమనుకొంటారు? ఈ ప్రశ్నకు సంపూర్ణమైన సమాధానం నావద్ద లేదు. అయితే ఒక తేడాను గమనించవలసి ఉన్నది. భీభత్సాన్ని పెద్దదిచేసి చూపి, చూచినవానిని ఉలిక్కిపడేటట్లు చేయడం ఒక పద్ధతి. శవాన్ని కడిగి, కప్పి, పక్కన కూర్చోవడం మరొక పద్ధతి. మొదటిది మృతుని వాడుకొంటుంది. రెండవది మృతునికి సేవ చేస్తుంది. ఈ శిల్పంలో గాజు పెట్టె, మేకుల కప్పు, సమాధివంటి నిర్మాణం అన్నీ రెండవ పద్ధతికి చెందినవి. అనువాదంలోనూ మాకు ఇదే నియమం. మూలరచయిత దుఃఖాన్ని మన వాక్పటిమ ప్రదర్శనకు వేదికగా చేసుకోరాదు. దుఃఖం చెడకుండా అవతలి ఒడ్డుకు చేర్చాలి. చేర్చిన తరువాత మనం తప్పుకోవాలి.

రెండవది: మానిపోతున్న గాయాన్ని మళ్ళీ రేపడం ఎందుకు? మరచిపోవడంలోనే శాంతి ఉన్నది గదా? ఈ మాట సదుద్దేశంతోనే చాలామంది చెబుతారు. కాని మరచిపోయే హక్కు ఎవరిదో ఆలోచించండి. నష్టపోయినవాడు మరచిపోదలిస్తే అది అతని ఔదార్యం. నష్టం కలగనివాడు ‘మరచిపో’ అని ఉపదేశిస్తే అది సౌకర్యం మాత్రమే. గాయాన్ని శుభ్రం చేయకుండా కట్టు కట్టితే పైకి మానినట్లు కనిపించి లోపల చీము పడుతుందని వైద్యం తెలియని పల్లెటూరి అవ్వ కూడా చెబుతుంది. స్మారకం పగను పెంచేదైతే దానిని నేనూ సమర్థించను. ఈ స్మారకంలో నేరస్థుని బొమ్మ ఎక్కడా లేదు. ఇది ఎవరినీ వేలెత్తి చూపదు. ఉన్నది మృతుడు, చూచే మనము. అంతే.

ఎవరి దుఃఖం?

బొంబాయి కల్లోలాలపై విచారణ జరిపిన జస్టిస్ శ్రీకృష్ణ కమిషన్ 1998లో తన నివేదిక సమర్పించింది. ఆ నివేదిక ప్రకారం మృతుల సంఖ్య 900. వారిలో ముస్లిములు 575 మంది, హిందువులు 275 మంది, ఇతరులు 5గురు. ఇవి కూడితే 855. మిగిలిన 45 మందిని గురించి నివేదికలో ఉన్నది ఒక్కటే మాట: తెలియదు.

నేను ఈ సంఖ్య దగ్గర ఎన్నోసార్లు ఆగిపోయాను. ప్రతి మృతుణ్ణీ ఏదో ఒక మతం కింద లెక్కించగలిగిన ఆ పట్టికలో 45 మంది ఎక్కడా చేరలేదు. వారు ఎవరి పక్షంవారో తెలియదు గనుక ఎవరి పగకూ వారు పనికిరారు. ఏ సభలోనూ వారి పేరు చెప్పి నినాదం ఇవ్వడానికి వీలులేదు. వారికోసం దుఃఖించాలంటే మనిషి అన్న ఒక్క కారణంతోనే దుఃఖించాలి. వివాన్ సుందరం స్మారకంలోని ఛాయాచిత్రం మనలను ఆ స్థితిలోనే నిలుపుతుంది. ఎవరి ఇంటివాడో చెప్పకుండా, ముందు ఈ మనిషి దగ్గర నిలవమంటుంది.

ఇది పరదేశంనుంచి అరువు తెచ్చుకొన్న భావం కాదు. అనాథ ప్రేత సంస్కారం అశ్వమేధయాగంతో సమానమని మన ఇండ్లలో పెద్దలు చెప్పే మాట మీరు వినివుంటారు. దిక్కులేని శవానికి దహన సంస్కారం చేసినవానికి, చక్రవర్తులు మాత్రమే చేయగల యాగఫలం లభిస్తుందన్న మాట. ఇస్లాం ధర్మంలో మృతునికోసం చేసే జనాజా నమాజు మొత్తం సమాజంమీద ఉన్న విధి. కొందరు నెరవేర్చితే అందరూ నెరవేర్చినట్లే. ఎవరూ నెరవేర్చకపోతే ఆ దోషం అందరిదీ. ఒకటి పుణ్యం పేరుతో చెప్పింది. మరొకటి బాధ్యత పేరుతో చెప్పింది. రెండూ చెప్పినది, దిక్కులేనివానికి ఊరే దిక్కు అని. ఈ రెండు మాటలను పక్కపక్కన ఉంచి చదివినపుడు నాకు ఒకే వాక్యానికి రెండు అనువాదాలు చదివినట్లనిపిస్తుంది.

జాతీయ సమైక్యత అనగానే మనకు పండుగలు, పాటలు, వేషభాషల ఊరేగింపులు స్ఫురిస్తాయి. అవి అందమైనవే. వాటిని నేను తక్కువచేయను. కాని కలిసి సంతోషించడం సులభం. మనవాడు కానివాని మరణానికి మన ఇంటిలో ఒక పూట పొయ్యి ఆరిపోయినపుడు మాత్రమే ‘మనవాడు’ అన్న మాటకు హద్దులు విస్తరిస్తాయి. ఒక జాతి సమైక్యతకు అంతకంటె కఠినమైన పరీక్ష లేదు.

విద్యార్థులకు

చివరగా విద్యార్థులకు ఒక చిన్న సూచన. ఈ శిల్పాన్ని స్వయంగా చూచే అవకాశం మీలో చాలామందికి వెంటనే కలగకపోవచ్చు. కాని శిల్పి చేసిన మొదటి పని చేయడానికి ప్రదర్శనశాల అవసరం లేదు. ఆయన చేసిన మొదటి పని, పత్రికలోని ఒక ఫోటో దగ్గర ఆగడం. లక్షలమంది పుట తిప్పినచోట ఆయన తిప్పలేదు.

మీ కళాశాల గ్రంథాలయంలో పాత పత్రికల సంపుటాలు ఉంటాయి. ఏదో ఒకటి తీసి, వరదలోనో కరువులోనో కల్లోలంలోనో తీసిన ఒక ఛాయాచిత్రాన్ని ఎన్నుకోండి. పది నిమిషాలు దానిని మాత్రమే చూడండి. కాంతి ఏ వైపునుంచి పడుతున్నది? నీడ ఎటు పోతున్నది? అంటే అది ఉదయమా, సాయంత్రమా? మనిషి కాళ్ళకు చెప్పులు ఉన్నాయా? చేతిలో ఏమున్నది? చట్రానికి అవతల, ఫోటో చూపనిచోట, ఎవరు ఉండివుంటారు? ఆ ఫోటో తీసినవారి పేరు అచ్చయిందా? తరువాత మట్టితోనో అట్టతోనో ఆ మనిషి కూర్చున్న తీరును, ఒరిగిన భుజాన్ని మీ చేతులతో మలచడానికి ప్రయత్నించండి. చక్కగా రాకపోయినా చింత లేదు. ఫోటోలో కనిపించని వీపును మీరు ఊహించవలసి వస్తుంది. ఆ వీపుమీద ఉన్న బరువును కూడా ఊహించవలసి వస్తుంది. శిల్పవిద్య అక్కడ మొదలవుతుంది. సాటి మనిషిపట్ల గౌరవమూ అక్కడే మొదలవుతుంది.

మలిచిన బొమ్మను కిటికీ దగ్గర ఉంచి, ఎండ దానిమీదుగా జరిగిపోవడం ఒక పూట గమనించండి. ఉదయం కనిపించిన ముఖం సాయంత్రానికి మరొకటి అవుతుంది. ఒకే మనిషిని ఒకే వెలుగులో చూచి తీర్పు చెప్పడం ఎంత తొందరపాటో ఆ మట్టిబొమ్మ మీకు బోధిస్తుంది.